ఎట్ల ఓడిన్రంటే

అడగనోడు పాపాత్ముడు.
లోతుకుంట చౌరస్తాల పాన్‌డబ్బా మొయినుద్దీన్,
నల్లా బిల్లు పట్టుకొచ్చేటాయన,
ఆఖరికి బాల్ గుండ్రంగుంటదని తప్ప
ఏం తెల్వని మా వియ్యంకుడు గూడ:
"పద్నాలుగు మ్యాచులల్ల పన్నెండు గెల్సిన బొల్లారం జట్టు
ప్లేఆఫ్‌ల ఉప్పుగూడ పోరగాండ్ల చేతుల
ఎట్ల ఓడిందే, ఎల్లమందా?"

నేను సున్నం గీతలు గీసేటోన్ని.
ఇరవై రెండేండ్ల సంది ఆ గ్రౌండుకు హద్దులు నాయే.
గీతకు లోపటి సంగతి నన్నడుగుడేంది అంటె ఇనరు.

కోచ్ సెబాస్టియన్ సార్ తడిగడ్డి మీదికి తోసిండు.
వాన సగం గ్రౌండుల్నే పడ్డదా సారూ?
రెఫరీ అమ్ముడువోయిండన్నది మెట్ల మీది గుంపు.
ఆటయినంక ఆయన నా బకెట్ల మొకం కడుక్కొని
ఛాయ్‌కి చిల్లరుందా అని నన్నే అడిగిండు.
మాణిక్‌ప్రభు వాళ్లమ్మ మాత్రం దిష్టి అన్నది.
ఆమెది కొంచెం నమ్ముత.
ఒక రోజు ముందే ఫ్లెక్సీ కట్టిన్రు గద,
ఫైనల్ వీరులకు స్వాగతమని,
పదకొండు మొకాలు, బోర్డు మెంబర్‌ది పన్నెండోది,
అన్నిట్ల పెద్దది.
రెండు దేగిశల బిర్యానీ, ఖుబానీ కా మీఠా,
అడ్వాన్స్ గూడ ఇచ్చిన్రు.

ఇరవయ్యో నిమిషంల అవద్ గోల్ కొట్టిండు.
బార్కస్ నుంచి వచ్చిన వాళ్ల చిన్నాయనలు
మెట్ల మీద ఎగిరితె సిమెంటు రాలింది.
హాఫ్‌టైమ్‌ల మావోళ్లు నారింజ తొనలు చీకుకుంట
ఫైనల్‌కి ఏ రంగు జెర్సీ అని కొట్లాడుకున్నరు.
అవతల ఉప్పుగూడోళ్లు ముచ్చట లేదు, నవ్వు లేదు.
ఒక బక్క పోరడు ఊడిన బూటు అట్టను
సుతిలితాడుతోని కట్టుకుంటున్నడు.

మళ్ల అవద్‌కు గోల్ ఖాళీగ దొరికింది.
ఊరికె తోస్తె పోయేది.
కలకత్తా నుంచి సెలెక్టర్ వచ్చిండని ఎవడో చెవులేసిండు,
మడమతోని ముద్దుగ కొట్టవోయిండు,
బాల్ నా మూలజెండా కాడికి వచ్చి ఆగింది.
అగో, గప్పుడే ఆట తిరిగింది అంటరు అందరు.

కాని ఒకటి నేను ఎవ్వలికి చెప్పలే.
పొద్దుగాల పెట్టె గీత గీస్తుంటె
మా కీపర్ డెంజిల్ వచ్చి పక్కన కూసున్నడు.
నిన్న రాత్రి బండి మీదికెల్లి పడ్డడంట,
ఎడమచెయ్యి నడిమివేలు వంకాయ రంగుకొచ్చింది.
"ప్లాస్టర్ చుట్టు మామా. సార్‌కి చెప్పకు, కూసోబెడ్తడు."
చుట్టిన. గ్లవ్ తొడుక్కుంటె పండ్లు కొరికిండు.
చెప్పలే.

డెబ్బయ్యో నిమిషం గోల్ ఎవ్వనిదో తెల్వది,
ఎవని మోకాలికో తాకి పోయింది.
ఎనభై ఎనిమిదిల ఆ సుతిలితాడు పోరడు కొట్టిండు.
గట్టిగ గూడ కొట్టలే.
డెంజిల్ చెయ్యి అందింది,
వేలు ఇర్సుకున్నది,
బాల్ పోయింది.

నేను చెప్పుంటె?
రెండో కీపర్‌కు పదహారేండ్లు, వాడు రెండు గోళ్లు తినేటోడేమో.
లేకుంటె గెలుస్తుండెనేమో.
ఆ రాత్రి బువ్వ పోలే నాకు.
బిర్యానీ మాత్రం పంచిన్రు, పైసలు కట్టిన్రు గద.
ఎవ్వలు ఎవ్వల మొకం చూడకుండ తిన్నరు.

తెల్లారి పాత గీతలు కడుగుతుంటె
ఆ బక్క పోరడు వచ్చిండు. పేరు నర్సప్ప.
రెండు రైళ్లు మారి, మరిసిపోయిన నీళ్ల బాటిల్ కోసం.
పొద్దుందాక వాటర్ క్యాన్లు మోస్తడంట,
బాటిల్ వాళ్లక్కదంట, తిడుతదంట.
గోల్‌పోస్ట్ ఎనుక దొరికింది.
పోకుండ నిలవడ్డడు.

"అన్నా, ఒక మాట అడుగుత, ఏమనుకోకు.
మేం ఓడుతమనే అనుకున్నం.
ఆరున్నర ఎంఎంటిఎస్‌కి పోదామని ముందే టైమ్ చూసుకున్నం.
మీరు ఎట్ల ఓడిన్రు?"

పైపు వాని చేతుల పెట్టిన,
జర పట్టు బిడ్డా, ఈ పెట్టె గీత పోతలేదు అన్న.