ఒంటబట్టడం

గుల్‌బెయాజ్ ఖాళీ సీసా కౌంటరు మీద పెట్టి
మూత తీసి, బోర్లించి చూపించింది.
"తొంభై మాత్రలు, నెర్మిన్!
ఒక్కటి కూడా ఎగ్గొట్టలేదు."
పక్కనే రెండు రక్తపరీక్ష కాగితాలు,
మార్చిలోది, జూన్‌లోది.
అంకెలు కవల పిల్లల్లా ఉన్నాయి.

బయట చాయెలి మీద వాన.
నల్లసముద్రానికి వేరే పని లేనట్టు
ఏటవాలు తేయాకు తోటల మీద వాన.
పడిందాంట్లో ఎంత ఇంకుతుందో, ఎంత జారి
మళ్లీ సముద్రంలోకే పోతుందో ఎవరు కొలిచారు!

మే నెల కోత ఆమె చేతుల్ని ఇంకా వదల్లేదు,
కత్తెర పిడి ఒరిసిన చోట కాయలు కాశాయి.
ఆకు మూటతో మెట్లెక్కుతుంటే
గుండె చెవుల్లో కొట్టుకుంటోందట,
పది మెట్లకోసారి కూలబడుతోందట.

కింది రెప్ప లాగి చూశాను.
గుల్‌బెయాజ్ అంటే తెల్లగులాబీ.
పేరు ఇంత బాగా ఒంటబట్టింది,
ఇనుమే పట్టలేదు.

పందొమ్మిదేళ్లుగా మందులమ్ముతున్నాను.
ఎన్ని మిల్లీగ్రాములు మింగుతామో
సీసా మీద ఉంటుంది.
ఎన్ని మనవవుతాయో ఏ సీసా మీదా ఉండదు.
గొంతు దిగినంత మాత్రాన లోపలికి వచ్చినట్టు కాదు,
అది ఇంకా వీధే.
కడుపు దాటాక ఉంది అసలు గుమ్మం,
పన్నెండు వేళ్ల పేగు అంటాం మేం దాన్ని.
అక్కడ ఎవరితో కలిసి వచ్చావన్నదే లెక్క.

"మాత్ర దేంతో వేసుకుంటున్నావు?"
అదేం ప్రశ్న అన్నట్టు నవ్వింది.
"టీతో."

మరి దేంతో వేసుకుంటుంది, ఈ ఊళ్లో?
నడుం సన్నపు గాజుగ్లాసులో
చిక్కగా దిగిన ఆ రంగుని
కుందేలు నెత్తురంటారు మావాళ్లు.
నెత్తురు చాలని మనిషి
నెత్తురు పేరున్నది తాగి
నెత్తురు కావలసినదాన్ని కట్టి పడేస్తోంది.

చెప్పాను.
ఆకులోని వగరు ఇనుము చెయ్యి పట్టుకుంటుందనీ,
పట్టుకుంటే వదలదనీ,
ఇద్దరూ గుమ్మం దాకా వచ్చి
నల్లగా బయటికి పోతారనీ.
"ఆ నలుపు చూసే
మందు పనిచేస్తోందనుకున్నా" అంది.
కాసేపాగి, "నేను కోసిన ఆకేనా?" అంది.

నా చదువుకి డబ్బు కట్టిందీ ఆ ఆకే.
ఫ్యాక్టరీ నుంచి వచ్చే మా నాన్న చొక్కా
ఉతికినా అదే వాసన.
ఏం చెప్పను?

ఇంకోటి చెప్పాలి, అది చెప్పడం కష్టం.
కడుపులో మంట రాదని
ఖరీదైన పూత మాత్ర ఇచ్చింది నేనే.
ఆ పూత తీరిగ్గా, గుమ్మం దాటిపోయాక కరుగుతుంది.
బండి దిగాల్సిన ఊళ్లో నిద్రపోయిన వాడిలాగ.
తప్పులో సగం టీది, సగం నాది.
గుల్‌బెయాజ్ ఏమీ అనలేదు,
సీసా మూత తిప్పి తిప్పి బిగించింది.

మామూలు మాత్రలు ఇచ్చాను, డబ్బు తీసుకోలేదు.
పరగడుపున, అరచెక్క నిమ్మరసంతో.
రోజూ వద్దు, రోజు విడిచి రోజు.
రోజూ బాదితే ఒళ్లు లోపల గడియ పెట్టుకుంటుంది,
ఒకరోజు ఊరుకుంటే తనే తీస్తుంది.
టీ మాత్రం రెండు గంటల తర్వాతే.

"రెండు గంటలా?
తోట దగ్గర నూరియె గ్లాసు చాపితే
వద్దని ఎలా అంటాను?
నాతో మాట్లాడటం మానేస్తుంది."
దానికి నా దగ్గర మందు లేదు.

నిమ్మకాయ ఒకటి జేబులో వేసి పంపాను.
అక్కడే, నా ముందే మొదటి మాత్ర మింగింది.
నేను చెప్పింది ఎంత ఒంటబట్టిందో తెలీదు.

వీధికి అటువైపు, రేకు చూరు కింద
నూరియె కనిపించింది, చేతిలో పళ్లెం.
గ్లాసు చాపింది.
గుల్‌బెయాజ్ అందుకుంది.
ఒక్కసారి ఇటు తిరిగి చూసింది.

అంతలో మినీబస్సు అడ్డొచ్చింది.
అది కదిలేసరికి గ్లాసు పిట్టగోడ మీద ఉంది.
నిండుగా ఉందో, ఖాళీగా ఉందో
కిటికీ అద్దం మీద వాన, కనపడలేదు.