తక్‌పట్టీ

దేశాయిపేట గదిలో రాత్రి పదకొండు.
కిటికీ మూసినా ఎనుమాముల యార్డు
మిర్చి ఘాటై లోపలికొస్తుంది.
దగ్గుతూనే స్క్రిప్టు నడిపించాను.

వెయ్యిన్నీ నాలుగొందల పన్నెండు ఫైళ్లు.
ప్రతిదాని నుదుటి మీదా
ఎవరిదో పేరు, ఏదో సంవత్సరం,
వాడుకో, మార్చుకో, పదిమందికీ పంచు,
నా పేరు మాత్రం చెరపకు
అని ఒక షరతు.
ఇవన్నీ ఒక్కచోట రాసిపెట్టందే
ప్యాకేజీని గడప దాటనివ్వరు.
మొన్నటిదాకా చేత్తోనే రాశాను.
మూడు రాత్రులకు కళ్లు మండి,
మిర్చికో, పేర్లకో,
యంత్రానికి నేర్పుదామని కూర్చున్నా.

నేర్పడమంటే ఏముంది,
మా నాయిన రేకు కోసినట్టే.

ఓదెలు అంటే మార్కెట్టంతా ఎరుకే.
హమాలీకీ గుమాస్తాకీ నడుమ కొలువు:
బస్తాల మీద పేర్లు అచ్చేసేవాడు.
పాత నూనెడబ్బా రేకులో అక్షరాలు కోసి
గోనె మీద ఆనించి
నల్లరంగు గుడ్డతో ఒక్క రుద్దు.
రైతు పేరు, ఊరు, అడ్తి నంబరు.
పూటకు మూడొందల బస్తాలు.
ఒక్కోసారి రేకు దీర్ఘాన్ని మింగేది,
పర్వతగిరి రాజీరు రాజిరు అయ్యేవాడు.
"పేరు తప్పు వడితే
తక్‌పట్టీ ఇంకోని చేతికి పోతది బిడ్డా"
అంటూ చూపుడువేలితో దీర్ఘం దిద్దేవాడు.
ఆ వేలికొస నలుపు
అన్నం కలిపినా వదిలేది కాదు.

నా స్క్రిప్టూ అంతే, మింగుతుంది.
సున్నా చుట్టుకున్న సీ గుర్తును
రెండు పిచ్చిగీతలుగా చదివింది.
ఎక్కడి మనిషో, పేరులో ఒక అక్షరం
నెత్తిన రెండు చుక్కలు పెట్టుకుంటే
దాన్ని ప్రశ్నార్థకం చేసింది.
మూడు ఈమెయిళ్లున్న ఒక్కామెను
ముగ్గురు ఆడవాళ్లని లెక్కేసింది.
'కాపీరైట్ గొడవలు నాకొద్దు' అని
ఎవరో విసుక్కుని రాసుకుంటే
'గొడవలు నాకొద్దు' అనే పెద్దమనిషిని
హక్కుదారుల పట్టీలో ఎక్కించింది.
నవ్వాను. ఒక్కదాన్నే, గట్టిగా.

నియమానికి నియమం అతుకు వేసుకుంటూ పోతే
రెండింటికి జాబితా తేటపడింది.
ముప్పై ఏడు ఫైళ్లకు మాత్రం 'తెలియదు'.

అక్కడితో పడుకోవాల్సింది.
ఊరికే, పాత ప్యాకేజీలతో
పోల్చి చూడమన్నాను.

ఒక్క ఎర్రగీత.
తేదీలు విడగొట్టే చిన్న ఫైలు,
రెండొందల పది వరుసలు.
పైన: కాపీరైట్, కుడికాల స్వరూప.
అదే ఫైలు పదకొండేళ్ల ముందు
ఇంకెక్కడో, ఇంకో పేరు కింద.
అక్షరం పొల్లుపోలేదు,
నూట నలభయ్యో వరుసలో
స్పెల్లింగు తప్పుతో సహా.

గుర్తొచ్చింది. కాలేజీ ఆఖరేడు, గడువు రాత్రి.
నేను మార్చినవి రెండే వరుసలు.
పైనున్న పేరు ఎందుకు తీశానో.
నా పేరు అక్కడ ఎట్లుంటుందో
చూసుకోవాలనిపించిందేమో.

యంత్రం కోప్పడలేదు.
వరుస నంబరు చూపి ఊరుకుంది.
నాయిన అయితే వేలు చాపేవాడు.

ఆ మనిషికి ఈమెయిలు రాశాను.
నిమిషంలో తిరిగొచ్చింది,
అట్లాంటి చిరునామా లేదట.
పేరు మాత్రం ఉంది,
పదమూడు అక్షరాలు,
ఒకదాని నెత్తిన చుక్కలు.
స్క్రిప్టును నమ్మబుద్ధి కాలేదు.
ఒక్కొక్కటే చేత్తో కొట్టాను,
చుక్కలకు రెండుసార్లు వెతికి.
పైన ఆయన, ఆయన సంవత్సరంతో.
కింద నేను, రెండు వరుసలకు సరిపడా.

యార్డు గేటు దగ్గర
చపాటా మిర్చితో వచ్చిన తొలి లారీ
హారన్ కొడుతోంది.
ముప్పై ఏడు అట్లనే ఉన్నయి.
కిటికీ తెరిచి
కడుపారా దగ్గాను.