ఎనిమిదో గింజ

వెతే రేవులో, కాఫీ అమ్మే ఫాకీ అరుగు మీద
ముప్పై రెండు గుంటల పలక.
అరవై నాలుగు గచ్చకాయలు,
మూడు తరాల వేళ్ళు తగిలి నున్నబడినవి.
వీధి పొడుగునా చాపల మీద లవంగాలు ఎండుతుంటాయి.
ఆ ఘాటుకి పరాయివాళ్ళు తుమ్ముతారు,
మాకు ఆకలేస్తుంది.

ఆ రోజు నాకెదురుగా ఉస్సీ మకామే.
లవంగం చెట్టు మీంచి పడ్డనాటి నుంచీ
అతని కుడిచేతి వేళ్ళు మూడు లోపలికి వంగిపోయాయి.
గింజ తియ్యాలంటే చెయ్యి పక్కవాటుగా పాకాలి.
నేనన్నాను, అందరికీ వినబడేట్టు:
"చూడండ్రా, పీత బయల్దేరింది.
పోటు వచ్చేలోగా బొరియ చేరుతుందంటారా?"

అరుగంతా విరగబడి నవ్వింది.
ఫాకీ కప్పులు గలగలలాడించడం ఆపి మరీ నవ్వాడు.
ఉస్సీ కూడా కొంచెం నవ్వాడు,
ఇంటికొచ్చిన చుట్టం చెయ్యి జారి గ్లాసు పగిలితే
మనం నవ్వుతామే, అలా.

ఆఖరి ఎత్తు నాది.
మూలగుంట ఊడ్చి విత్తుకుంటూ పోయాను.
నా లెక్కకి గుప్పిట్లో ఏడు.
ఏడోది ఖాళీ గుంటలో పడాలి,
నా ఆట అక్కడే నిద్రపోవాలి.
చూస్తే, అరచేతి చెమటకి అంటుకుని
ఇంకొకటుంది.

ఆ ఎనిమిదోది నిండుగుంటలో పడింది.
ఎత్తాను, విత్తాను, మళ్ళీ ఎత్తాను.
రెండు చుట్లు తిరిగొచ్చేసరికి
అతని ముందు వరస ఊడ్చిన వాకిలి.

తొడ చరిచాను. అరుగెక్కి నిలబడ్డాను.
"ఈ ఎత్తు పొద్దున్నే చూసి పెట్టుకున్నా" అన్నాను.
"పీతలకి బడి పెడతా, జీతం రెండు కప్పుల కాఫీ" అన్నాను.
అంతటితో ఊరుకోక పాట కట్టాను.
ప్రాస ఎంత బాగా కుదిరిందంటే
సాయంత్రానికల్లా పడవలు తోసేవాళ్ళ నోళ్ళలో ఉంది.

ఉస్సీ గింజలన్నీ ఒక్కొక్కటే ఏరి గుంటలు సర్దాడు.
"మంచి ఆట" అన్నాడు,
చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయాడు.

నాలుగో రాత్రి, చేపల వేలం నుంచి వస్తుంటే
అతని పెరట్లో లాంతరు.
మట్టిలో వేలితో తవ్విన ముప్పై రెండు గుంటలు,
గింజలు లేక గులకరాళ్ళు.
భార్య రిజికి నా వైపు కూర్చుని
నిద్రకళ్ళతో నా ఎత్తులు ఆడుతోంది.

"నువ్వా, రా రా.
నాలుగు రాత్రులుగా వెతుకుతున్నాం.
మూలగుంటలో ఏడే అనుకున్నాను నేను.
ఎనిమిదని ఎలా పసిగట్టావయ్యా?
ఎక్కడ నిలబడి చూస్తే కనబడుతుందది?"

నాలుక ఎండు లవంగమైంది.
నన్ను తిడితే జవాబుండేది.
అతను నేర్చుకోడానికి అడుగుతున్నాడు.

"చూళ్ళేదు" అన్నాను. "నేనూ ఏడనుకున్నాను."

ఒక క్షణం లాంతరు చుట్టూ పురుగుల చప్పుడు.
తర్వాత నవ్వాడు చూడండి, కళ్ళనీళ్ళొచ్చేలా,
రిజికి గులకరాళ్ళు నా మీదికి విసిరింది:
"నా నాలుగు రాత్రుల నిద్ర, నీ చెమట చేతికా!"
"కూర్చో" అన్నాడతను,
"ఇప్పుడు ఎనిమిదని తెలిసి ఆడు."
ఆడాను. ఓడాను. ఇంకోసారి కూడా ఓడాను.
ఆ మాట అతను ఎవరికీ చెప్పలేదు.

నేనే చెప్పాను, మర్నాడు, అరుగు మీద.
"అబ్బో, అణకువ కూడా వచ్చిందే మొనగాడికి"
అని నా వీపు తట్టారు.
ఫాకీ ఒక కప్పు ఊరికే పోశాడు.
తాగాను.

ఆరేళ్ళయింది.
పలక మీద గింజలు రోజూ మళ్ళీ మొదటి చోటికే వస్తాయి.
ఇప్పుడు ప్రతి గుంటా పైకి లెక్కబెట్టే ముడతాను.

నిన్న సందులో తాడాట ఆడుతూ
ఉస్సీ మనవరాలు నా పాట పాడుతోంది.
ఎవరు కట్టారో, ఎవరి మీదో ఆ పిల్లకి తెలీదు.
ప్రాస దగ్గరికి రాగానే ఎగిరింది,
నన్ను చూసి చెయ్యి ఊపింది,
పాటలో ఎలా ఉందో అలాగే,
మూడు వేళ్ళు లోపలికి మడిచి.