సముద్రం తీసుకుంది

నెలకొకసారి ఎగ్యా బెంట్సిల్
కోటని లెక్కపెడతాడు.
చేతిలో నోటుబుక్కు, చెవి మీద పెన్సిలు,
వెనకాల ఎవరిదో ఒక మేక.

ఉత్తరపు బురుజు: ఉంది.
పడమటి గోడ: సగం.
ఫిరంగులు: ఆరు. ఒకదాని నోట్లో
ఎవరో పిల్లాడు చెప్పులు దాచుకున్నాడు.
తూర్పు బురుజు దగ్గర కాస్త ఆగి, దగ్గి,
"సముద్రం తీసుకుంది" అని రాస్తాడు.

సముద్రం పాపం,
ఏ నింద వేసినా ఊరుకుంటుంది.

మొదట ఓడ దిగినవాళ్లు
దీనికో పునీతురాలి పేరు పెట్టారు.
తర్వాతి వాళ్లు ఆ పేరు ఉలితో చెక్కేసి
"నిశ్చింత" అన్నారు, చుట్టూ ఫిరంగులు పెట్టుకుని.
మూడోవాళ్లు పదిహేను పీపాల మందుగుండిచ్చి కొనుక్కుని
తమ రాజు పేరు తగిలించారు.
ఆ రాజు ఈ ఇసక తొక్కిన పాపాన పోలేదు.
ఊరు మాత్రం అప్పుడూ ఇప్పుడూ అబాన్ అనే అంటుంది.
ఫాంటీ భాషలో
రాతికోటన్నా అదే మాట, సర్కారన్నా అదే మాట.
రెండిటికీ తలుపులు లోపలినుంచే గడియపడతాయి.

ఈ రాళ్లు వెనక గుట్టవి.
ఆడవాళ్లు నెత్తిన మోశారు.
ఆల్చిప్పలు ఏరి, కాల్చి, సున్నం చేసిందీ వాళ్లే.
దొర చిట్టాలో రాయి ఖరీదుంది, సున్నం ఖరీదుంది,
సారా ఎన్ని సీసాలో ఉంది,
ఓడకెక్కించిన తలలెన్నో ఉంది.
మోసిన తలలెన్నో లేదు.

తర్వాత ఇది జైలయింది. తపాలా కచేరీ అయింది.
ఒక ఏడాది బడి కూడా అయింది,
వానకి కప్పు కూలి, సెలవులిచ్చి,
ఆ సెలవులు ఇంకా అయిపోలేదు.

సముద్రం వైపు ఒక చిన్న తలుపు.
ఒక మనిషి, అదీ పక్కకి తిరిగితే, పట్టేంత.
లోపలికి వచ్చినవాళ్ల అడుగులు దానికి తెలియవు,
వెళ్లినవాళ్లవే తెలుసు.
అక్కడ బెంట్సిల్ పుస్తకం మూసేస్తాడు.
చెప్పులు విడిచి, చేత్తో పట్టుకుని దాటి,
అవతల మళ్లీ తొడుక్కుంటాడు.
ఎందుకయ్యా అంటే
"ఇసక దూరింది" అంటాడు.

మొన్న అక్రా నుంచి లాంప్టే గారొచ్చారు,
టేపూ, టోపీ, పాత నక్షాతో.
కొలిచారు. మళ్లీ కొలిచారు.
"పోయినేటికన్నా మూడు గజాలు తక్కువ, ముసలాయనా!"
"సముద్రం, అయ్యగారూ."
"సముద్రం ఇటువైపు కదా?"
బెంట్సిల్ మేక వంక చూశాడు.

మధ్యాహ్నం భోజనం అబా ఎసుమన్ వంటింట్లో.
పొగబెట్టిన చేప, కెంకీ, నూరిన మిరపకారం.
రెండో ముద్దకి అయ్యగారి చూపు పొయ్యి మీద పడింది.
మూడు రాళ్లు, చదరంగా, అంచులు తీరిన రాళ్లు.
ఒకదానికి ఇంకా గుల్లసున్నం అంటుకునే ఉంది.

ముద్ద నమిలేదాకా ఎవరూ మాట్లాడలేదు.
"సముద్రం బాగానే వండుతుందమ్మా" అన్నాడాయన.

అబా చేప తిరగేసింది.
"మా ముత్తవ్వ అటు మోసింది.
నేను ఇటు మోశాను.
నాది దిగుడు దారి కాబట్టి, తేలిక."

ఈ ఊళ్లో బిడ్డ పుడితే ఇంటికో రాయి దిగుతుంది.
కవలలు పుట్టిన ఏడాదే దక్షిణపు మెట్లు మాయమయ్యాయి.
కోట పాడుబడిందని నక్షాలో రాసుకోండి,
ఇక్కడ మాత్రం అది
కొంచెం కొంచెంగా అన్నం వండుతోంది.

లాంప్టే గారు ఇంకో చేప అడిగారు.
నివేదికలో ఏం రాశారో తెలియదు.
వెళ్తూ వెళ్తూ ఒక్కటి మాత్రం అడిగారు:
"ఆ చిన్న తలుపు రాళ్లు ఎవరింట్లో ఉన్నాయి?"

ఎవరూ నవ్వలేదు.
అబా చేతులు కడుక్కుంది.

ఈ నెల పుస్తకంలో
పడమటి గోడ: సగం కన్నా తక్కువ.
ఫిరంగులు: ఆరు. చెప్పులు లేవు.
తలుపు: ఉంది.
ఒక్క రాయీ కదల్లేదు.