శివారు వంతు

బడి గోడకి కాగితం అంటించి పోయారు:
పిల్లలు పద్నాలుగు మందే గనుక
అవతలి ఊరి బడిలో కలుపుతున్నాం,
దూరం ఎనిమిది వందల మీటర్లు.

నిజమే. కొంగకి.

మనిషికి మధ్యలో కాలవుంది.
వంతెనకి ఎస్టిమేటు వేసింది
నేను లాకుల దగ్గర లస్కరుగా చేరిన సంవత్సరం.
అయిదు నెలల్లో రిటైరవుతున్నా.
లాకు చుట్టి వెళ్తే మూడు కిలోమీటర్ల పైమాట,
అందులో సగం రొయ్యల చెరువుల గట్టు,
వానపడితే ఆ గట్టు తడిసిన సబ్బుబిళ్ల.

సువార్త టీచరు ముప్పై మీటర్ల టేపు తెచ్చి
పద్నాలుగు మందినీ వెంటేసుకుని దారంతా కొలిచింది.
మట్టపర్తి లోవతల్లి, రెండో తరగతి,
టేపు అయిన చోటల్లా పుల్లతో గీత గీసి
గొంతెత్తి లెక్కపెట్టింది.
నూరు దగ్గర ఆగిపోయింది.
"తర్వాతవి మనకింకా చెప్పలేదు టీచర్."
గట్టు మాత్రం ఇంకా మిగిలే ఉంది.

నేను సర్కారుని తిట్టను.
అది లేకపోతే ఏమవుతుందో
లాకు మీద నిలబడ్డవాడికి తెలుసు:
ఎగువ చేను పీకలదాకా తాగుతుంది,
శివారు రైతు పార భుజాన పెట్టుకుని
ఎండిన బోదె పక్కన తెల్లార్లూ కూర్చుంటాడు.
వంతు ఉండాలి. వంతు రాసేవాడుండాలి.
గేటుకి తాళముండాలి,
ఆ తాళం ఏ ఒక్కడి సొంతమూ కాకూడదు.
ఏటిగట్టు మీద పచ్చ బస్సు పోతోంది చూడండి,
దానికి వంతుల్లేవు, ఫీజులున్నాయి.

అయితే ఈ కొలువులో నాకు సర్కారే నేర్పింది:
శివారుకి నీళ్లు పల్చబడితే
తూము మూసెయ్యకూడదు,
పైకి నడుచుకుంటూ వెళ్లి
గుర్రపుడెక్క ఎక్కడ అడ్డం పడిందో చూసి లాగెయ్యాలి.

లాకు రిజిస్టర్లో
ఎగువ మట్టం, దిగువ మట్టం రోజూ రాస్తాను.
రిమార్కుల గడి ముప్పై రెండేళ్లుగా ఖాళీ.
ఈ పూట రాశాను:
"దిగువన పద్నాలుగు మంది. వంతు అందలేదు."

సోమవారం జేఈ గారు సంతకానికొస్తారు.
ఇది మన శాఖ కాదయ్యా అంటారు.
ఆ గడి వైపు చూడరు కూడా.

వేలు పెట్టి చూపిస్తాను.