వెయ్యి వాట్లు, కీలుంగ్ వాన

కీలుంగ్‌లో వానకు సెలవుల్లేవు.
గోడమీది క్యాలెండర్ అంచులు బూజుపట్టి
నెలలు ఒకదానికొకటి అంటుకుపోతాయి.
ఇలాంటి ఊళ్ళో నేను
గాజు పెట్టెలో కంప్యూటర్ కట్టుకుందామనుకున్నాను.

పగలు నా పని ఓడరేవు అడుగు కొలవడం.
సోనార్ పడవ తెచ్చిన కోట్ల చుక్కల్ని
బురదగా, రాయిగా, మునిగిన లంగరుగా మార్చాలి.
పాత యంత్రం ఒక్క లంగరు గీసేలోపు
రెండు టీలు తాగి గోళ్ళు కత్తిరించుకునేవాణ్ణి.
రాత్రి అదే తెరమీద
ముఖమెరగని నలుగురితో కలిసి కోటలు పట్టాలి.
మా దళంలో ముందుగా చచ్చేది నేనే.
చేతకాక కాదు, తెర తడబడి
అని చెప్పుకుంటాను.

జాబితా ఏడుసార్లు రాశాను.
గ్రాఫిక్స్ కార్డు ధర వెయ్యగానే
కాగితం ఒక పక్కకి ఒరిగింది:
మూడు నెలల అద్దె, ఇటుకంత లావు.
దానికోసం ప్రాసెసర్‌ని ఒక మెట్టు దించాను,
సముద్రం గుర్తొచ్చి మళ్ళీ ఎక్కించాను.
మెమరీ అరవై నాలుగా, నూట ఇరవై ఎనిమిదా?
పిండి కొద్దీ రొట్టె అంటారు గాని
ఆకలి ఎప్పుడైనా పిండిని అడిగిందా?

కింద నూడుల్స్ బండి దగ్గర కాగితం మరిచిపోతే
బావ్‌జూ పిన్ని చేతులు తుడుచుకుని చదివింది.
"ఈ మదర్‌బోర్డు వద్దు."
"నీకెలా తెలుసు పిన్నీ?"
"తావ్‌యువాన్‌లో ఇరవై ఆరేళ్ళు చేశాను.
భూతద్దం కింద, రోజుకు నాలుగు వందల బోర్డులు."

ఆదివారం ఇద్దరం రైలెక్కి తైపే వెళ్ళాం.
కొట్లో కుర్రాడు రంగుదీపాలు వెలిగించి చూపించాడు,
ఎరుపూ ఊదా కలిసి నెమలి పురి విప్పినట్టు.
పిన్ని అటు చూడనే లేదు.
సంతలో వంకాయ తిరగేసినట్టు బోర్డు తిరగేసి
టంకపు చుక్కల్ని కళ్ళతోనే తడిమింది.
"ఇది రాత్రి షిఫ్టుది," అని పక్కన పెట్టింది.
నిజమో కాదో కుర్రాడికీ తెలియదు, నాకూ తెలియదు.
రెండోది తెచ్చాడు.
మూడోది తెచ్చాడు.

పవర్ సప్లై దగ్గరకొచ్చేసరికి నేను పీనాసినయ్యాను.
ఏడు వందల యాభై వాట్లు చాలదా?
ఏనుగును కొని అంకుశానికి బేరమాడుతున్నానని
నాకే సిగ్గేసింది.
వెయ్యి వాట్లు. పదేళ్ళ హామీ.
"పదేళ్ళకి నాకు ఎనభై," అంది పిన్ని,
దిగులుగా కాదు, లెక్కగా.
గాజు పెట్టె కూడా తనే మార్పించింది:
ముఖమంతా జల్లెడ,
ఊపిరాడాలి దానికి, ఈ చెమ్మలో.

రాత్రి, బండి కట్టేశాక, బిగించాం.
ప్రాసెసర్ మీది మీట నొక్కితే
ఎముక విరిగినంత చప్పుడు.
అది మామూలేనట, నా గుండెకి ఎవరూ చెప్పలేదు.
శెనగగింజంత పేస్టు.
"ఇంకా తక్కువ," అంది. వేసేశాను అప్పటికే.

మీట నొక్కాను.
ఫ్యాన్లు తిరిగాయి. తెర నల్లగా.
ఒక నిమిషం. రెండు.
ఆపేద్దామని చెయ్యి చాపితే
నా మణికట్టు పట్టుకుంది.
"బోర్డు మూలన చూడు, పసుపు దీపం.
పక్కనేముందో చదువు."
మెమరీ, అని ఉంది.
"లెక్కపెట్టుకుంటోందేమో. కొత్తగా చేరిన పిల్ల
సరుకు సరిచూసుకోదూ?"
కాసేపాగి, తనలో తాను:
"ఇన్నేళ్ళలో ఒక్క బోర్డూ వెలగడం చూళ్ళేదు నేను.
మా గది దాటగానే అట్టపెట్టెలోకి పోయేవి."

మూడో నిమిషంలో వెలిగింది.

ఆట తెరుద్దామనుకున్నవాణ్ణి
ఎందుకో ఓడరేవు తెరిచాను.
లంగరు ఒక్క రెప్పపాటులో తుప్పుతో సహా లేచి నిలబడింది.
పిన్ని వంగి చూసింది.
"నీళ్ళేవి?"
"తీసేశాం పిన్నీ, అడుగు కనబడాలని."
"అయితే ఆ వాన కూడా తీసెయ్యి,"
అంటూ చెప్పులు వెతుక్కుంది.

ఆ రాత్రి కోటగుమ్మంలో మళ్ళీ నేనే ముందు చచ్చాను.
తెర తడబడలేదు.

బల్లమీద చిన్న స్క్రూ ఒకటి మిగిలింది.
ఎక్కడిదో తెలియదు.
పిన్నికి చెప్పలేదు.