ఊడ్చిన పొడి

హాంలువాంగ్ నది ఒడ్డున, మా బట్టీలో
నెల రోజులు కాలుతుంది కొబ్బరి చిప్ప.
గట్టి బొగ్గంతా పడవెక్కి పోతుంది.
అడుగున మిగిలిన పొడి నాది,
ఊడ్చినవాడిదే కదా ఊడ్చింది.

వానల్లో వచ్చింది థ్వా వదిన,
మోకాళ్ళ దాకా బురద, చంకలో ఖాళీ సంచులు.
"గ్యాసు రావట్లేదు. ప్లాస్టిక్ తిత్తి చప్పబడి
పందులపాక వెనక చచ్చిన చేపలా పడుంది.
మంట లేచినట్టే లేచి, పచ్చబడి, ఆరిపోతోంది.
ఆ పొడి ఇస్తావా?"

నవ్వాను. నవ్వితే దగ్గొచ్చింది.
బొగ్గుని కాలుస్తారు గానీ వదినా,
పెంటలో కలుపుతారా ఎవరైనా?

ఆమె నవ్వలేదు.
కాంథోలో చదివొచ్చిన పిల్లెవరో చెప్పిందట,
ఒక్కో రేణువులో వెయ్యి గదులని,
పంది ఉచ్చ ఘాటుకి చావకుండా
కంటికానని పురుగులు అందులో కాపురం పెడతాయని.
"అద్దె లేని ఇళ్ళు" అంది.
ఆమె ఎన్ని నెలల అద్దె బాకీయో నాకు తెలుసు.
ఒక సంచి అడిగితే రెండు నింపాను.

పాలతో కడిగినా బొగ్గు తెల్లబడదంటారు.
మా వదిన పెంటతో కడిగింది,
తొట్టిలో మోచేతుల దాకా దిగి, ఉండ కట్టకుండా.

మూడో రోజు ఏమీ లేదు.
ఆరో రోజు నన్ను తిట్టింది.
తొమ్మిదో రోజు పక్కింటి హియన్
ఎప్పట్లానే ముక్కు మూసుకుని వచ్చి,
వేళ్ళు తీసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీసి
"ఏం చేశావే?" అంది.
పన్నెండో నాటి పొద్దున
తిత్తి సూడిపంది పొట్టలా బిగిసి ఉంది.
మీటితే డప్పు మోత.

నన్ను పిలిచి మరీ పొయ్యి వెలిగించింది.
నీలం.
అంచుల్లో ఎక్కడా పసుపు లేదు.
నెల రోజులు తాను కాలినది
ఇంకొకరి మంటకి చోటివ్వడమేమిటో,
నాకర్థం కాలేదు. చూస్తూ కూర్చున్నాను.

ఇరవై రెండేళ్ళుగా అదే పొడి
నా ఛాతీలోనూ ఉంది.
అక్కడెవరూ కాపురం పెట్టలేదు.
ఆ మాట పైకి అనలేదు, దగ్గాను అంతే.

వదిన లేచి అల్లం దంచింది.
గిన్నె ఆ నీలం మీద పెట్టి
"నీ పొడికి కూలి, తాగు" అంది.
అల్లం నీళ్ళు మసలడానికి
అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.